పాపకి పుట్టుకతోనే ఒక కన్ను లేదు, ఆర్టిఫిషియల్ కన్ను ఇప్పుడే పెట్టించాలా, పెద్దయ్యేదాకా ఆగాలా?

నరసరావుపేట నాన్న:

అందరికీ నమస్కారం అండి. పాప పుట్టి నాలుగు నెలలు దాటింది, మాకు మొదటి సంతానం. కుడి కన్ను పుట్టుకతోనే లేదు. రెప్పలు ఉన్నాయి, వెంట్రుకలు కూడా ఉన్నాయి, కానీ మెల్లగా తెరిచి చూస్తే లోపల తడిగా గులాబీ రంగు కండ కనపడుద్ది అంతే, గుడ్డు లేదు. పుట్టిన రోజున నర్సమ్మ ఇంకా కళ్ళు తెరవలేదు, రెండు రోజుల్లో తెరుస్తుందిలే అంది, మేం అలా వారం రోజులు ఎదురు చూశాం. ఎడమ కన్ను మాత్రం బానే ఉంది, దీపం ఎటు తిప్పితే అటు చూస్తది, వాళ్ళమ్మ కనపడితే నవ్వుద్ది.

స్కాన్ తీయిస్తే లోపల బఠాణీ గింజంత చిన్న గుడ్డు ఉంది, అది పనిచేయదు అన్నారు. మా ఊళ్ళో చూపించిన డాక్టరుగారు ఇప్పుడు చేసేదేం లేదు, ఐదేళ్ళొచ్చాక తీసుకురండి అప్పుడు కన్ను పెట్టిద్దాం అని పంపించేశారు. సరే అని వచ్చేశాం గానీ నాకు మనసు ఒప్పటం లేదు, ఎందుకంటే పాప మొదటి నెల ఫోటో, మొన్న తీసిన ఫోటో పక్కపక్కన పెట్టి చూస్తే కుడివైపు రెప్ప ఇంకా చిన్నదై లోపలికి పోయినట్టు ఉంది, ఎడమ వైపు పెరుగుతుంది ఇటు పెరగట్లేదు అనిపిస్తుంది, నాకే అలా అనిపిస్తుందో నిజంగానే అలా అవుతుందో తెలియట్లేదు.

ఇంకో సంగతి. ఏడో నెలలో గ్రహణం రోజు మా ఆవిడ గడప దాటింది, అందుకే ఇలా అయిందని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అంటున్నారు. తను ఎవరికీ ఎదురు చెప్పదు, లోపల లోపల కుమిలిపోతుంది, అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. ఆరో నెలలో అన్నప్రాసన పెట్టుకోవాలి, బంధువులు వస్తే పాపని చూపించటానికే భయపడుతుంది.

నేను అడిగేది ఏంటంటే ఇంత చిన్న బిడ్డకి కన్ను పెడతారా, పెడితే నొప్పి ఉంటదా, ఐదేళ్ళు ఆగితే నష్టం ఏమన్నా ఉందా. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

సత్తెనపల్లి:

తమ్ముడూ బాధపడకు. మా చిన్నాన్నకి ఇలాగే ఒక కన్ను లేకపోతే కళ్ళజోళ్ళ షాపులో రెడీమేడ్ కన్ను దొరికితే తెచ్చి పెట్టారు, చాలా చవక. సైజులు ఉంటాయి, పిల్లలవి కూడా ఉంటాయేమో అడిగి చూడు.

కళ్ళు చేసే మనిషి:

నరసరావుపేట నాన్నగారూ, నేను ఒక కంటి ఆసుపత్రిలో కృత్రిమ కళ్ళు తయారుచేసే సెక్షన్లో పన్నెండేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. డాక్టర్ని కాదు, కన్ను చేసేవాణ్ణి. మీ పోస్టు చదివి పని ఆపేసి రాస్తున్నాను.

ఆగొద్దండి. ఐదేళ్ళు కాదు కదా ఐదు వారాలు కూడా ఆగొద్దు. ఫోటోల్లో మీకు కనపడింది మీ భ్రమ కాదు, నిజంగానే అలా అవుతుంది. పుట్టినప్పుడు బిడ్డ కంటిగుడ్డు ముందు నుంచి వెనక్కి కొలిస్తే 16, 17 మిల్లీమీటర్లు ఉంటుంది, పెద్దవాళ్ళకి 24 దాకా ఉంటుంది. ఈ పెరిగేదాంట్లో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్ళలోనే అయిపోతుంది. గుడ్డు పెరుగుతూ చుట్టూ ఉన్న ఎముకనీ రెప్పల్నీ నెడుతూ ఉంటుంది, ఆ నెట్టుడు ఉంటేనే కంటి గుంట విశాలం అవుతుంది, రెప్పలు పొడుగు సాగుతాయి. లోపల నెట్టేది ఏమీ లేకపోతే ఆ వైపు అలాగే చిన్నగా ఉండిపోతుంది, రెప్పల వెనక కన్ను కూర్చోవాల్సిన సందులు కూడా దగ్గరికి వచ్చేస్తాయి. మనం చేసే పని అంతా ఆ నెట్టుడుని బయటి నుంచి అందివ్వటమే. పసిబిడ్డల కండ మెత్తగా ఉంటుంది, సాగుతుంది. ఐదేళ్ళ తర్వాత అంత సాగదు. పుట్టిన కొన్ని వారాల్లోనే వచ్చే పిల్లలకి మేం మొదలుపెడతాం, నాలుగు నెలలు అంటే కొంచెం లేటే గానీ చెయ్యి దాటిపోలేదు.

మొదట పెట్టేది రంగు కన్ను కాదు. కన్ఫార్మర్ అంటాం, నున్నటి చిన్న ప్లాస్టిక్ గుల్ల, మీ పాపకి చింతగింజంతే సరిపోవచ్చు. రెండు మూడు వారాలకోసారి దానికంటే కాస్త పెద్దది, మళ్ళీ ఇంకాస్త పెద్దది, అలా మార్చుకుంటూ పోతాం. కొందరు తల్లిదండ్రులు ఒకేసారి పెద్దది పెట్టేయొచ్చు కదా ఇన్నిసార్లు తిప్పుతారేంటి అని విసుక్కుంటారు, కానీ పెద్దది తోస్తే లోపల ఒరుసుకుని పుండు పడుతుంది, రెప్ప మూసుకోదు, జారి బయటికి వచ్చేస్తుంది. ఓపికగా చేసిందే నిలబడుతుంది. పెట్టేటప్పుడు బిడ్డ ఏడుస్తుంది, ఎందుకంటే మనం పట్టుకుని రెప్పలు తెరుస్తాం కాబట్టి, పెట్టాక కాసేపటికి ఊరుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. లోపల బఠాణీ అంత గుడ్డు ఉందన్నారు కదా, దానికి వెలుతురు ఏమన్నా తెలుస్తుందా అనేది ముందు చూడాలి. దానికి విఇపి అని ఒక టెస్ట్ ఉంది, తలకి చిన్న తీగలు అంటించి లైటు మెరిపిస్తే మెదడుకి ఏమన్నా అందుతుందో లేదో తెలుస్తుంది. కొంచెం తెలిసినా సరే రంగు వేసింది పెట్టం, అద్దంలా వెలుతురు పోయే గుల్లే పెడతాం, ఉన్న ఆ కాస్త వెలుతురుని మనమే మూసేయకూడదు.

గుల్లలతోనే జాగా రాకపోతే డాక్టర్లు ఇంకా కొన్ని చేస్తారు. నీరు పీల్చుకుని మెల్లగా ఉబ్బే జెల్ ఉండ లోపల పెట్టటం ఒకటి, పిర్ర దగ్గర నుంచి చర్మం కింది కొవ్వు ముక్క తీసి కంటి గుంటలో పెట్టటం ఒకటి, ఆ కొవ్వు పిల్లల్లో వాళ్ళతో పాటు పెరుగుతుంది. మీ పాపకి అవి కావాలో లేదో నేను చెప్పకూడదు. మామూలు కళ్ళ డాక్టరు కాకుండా ఆక్యులోప్లాస్టీ డాక్టర్ అని అడగండి, రెప్పలు, కంటి గుంట వాళ్ళ పని. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉంది, డబ్బు కట్టలేనివాళ్ళకి అక్కడ ఫ్రీగా చూస్తారు. విజయవాడ పక్కన తాడిగడపలో వాళ్ళదే ఉంది, మీకు దగ్గర, కానీ పసిపిల్లల కన్ఫార్మర్ పని అక్కడే అవుతుందా అని ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. చెన్నై శంకర నేత్రాలయ, మదురై అరవింద్‌లో కూడా కృత్రిమ కళ్ళు చేస్తారు.

సత్తెనపల్లి గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు గానీ పసిబిడ్డకి షాపు కన్ను వద్దు. ఆ గుంట ఆకారం ఎవరిది వాళ్ళదే. రెడీమేడ్ కన్నుకీ కండకీ మధ్య ఖాళీలు మిగులుతాయి, అక్కడ కన్నీళ్ళు నిలబడి పుసి కడుతుంది, ఒకచోట అంచు గుచ్చుకుంటుంది. పెద్దవాళ్ళు ఎలాగో సర్దుకుంటారు, నాలుగు నెలల బిడ్డ నొప్పి అని చెప్పలేదు కదా.

అసలు కన్ను ఎలా చేస్తామో కూడా చెప్తాను, చాలామంది గోళీలాంటి గుండ్రటి బంతి పెడతారు అనుకుని భయపడతారు. అది బంతి కాదు, పెద్ద సైజు జీడిపప్పు బద్దలాగా వంపు ఉన్న పెంకు. గుంటలోకి ఆల్జినేట్ అనే మెత్తటి పేస్టు పోసి అచ్చు తీస్తాం, పళ్ళ డాక్టర్లు పళ్ళ అచ్చు తీసేది కూడా దాంతోనే, రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. అచ్చు నుంచి మైనం నమూనా, మైనం నుంచి తెల్లటి అక్రిలిక్. నల్లగుడ్డు బొమ్మ మాత్రం బిడ్డని పక్కన కూర్చోబెట్టుకుని, రెండో కన్ను చూస్తూ, పగటి వెలుతుర్లో చేత్తో వేస్తాం. మనవాళ్ళ కళ్ళు నలుపు అంటాం గానీ కుంచె పట్టుకున్నాక తెలుస్తుంది, గోధుమ రంగులో ఎన్ని రకాలో, మధ్యలో తేనె రంగు, అంచుకి ముదురు వలయం. పసిపిల్లల తెల్లగుడ్డు కూడా తెల్లగా ఉండదు, లేత నీలం ఛాయ ఉంటుంది, అది పట్టుకోకపోతే కన్ను అతికించినట్టు ఉంటుంది. రక్తనాళాలకి ఎర్ర సిల్కు దారం నుంచి పోగులు తీసి పరుస్తాం. దాని మీద పారదర్శకం పొర, తర్వాత వేడి నీళ్ళలో ఉడికించి పాలిష్ పడతాం. ఇప్పటికీ అందరూ గాజు కన్ను అనే అంటారు, ఒకప్పుడు నిజంగా గాజే, జర్మనీ నుంచి వచ్చేవి, రెండో ప్రపంచ యుద్ధంలో అవి ఆగిపోతే అమెరికా సైన్యంలో పళ్ళు కట్టే టెక్నీషియన్లు కట్టుడు పళ్ళ ప్లాస్టిక్‌తో కళ్ళు చేయటం మొదలుపెట్టారు, ఈ రోజు మేం చేసేదీ ఆ ప్లాస్టిక్‌తోనే.

చివరగా మీ ఆవిడకి ఈ ముక్క చదివి వినిపించండి. బిడ్డ కడుపులో పడ్డ నాలుగో వారంలోనే కన్ను తయారవటం మొదలవుతుంది, ఎనిమిది వారాలు నిండేసరికి కన్ను రూపం వచ్చేస్తుంది. చాలామంది ఆడవాళ్ళకి కడుపు పండిన సంగతి తెలిసీ తెలియకముందే ఆ పని మొదలైపోయి ఉంటుంది. ఏడో నెలలో వచ్చిన గ్రహణానికీ దీనికీ ఏ సంబంధం లేదు. ఆ తల్లి చేసిన తప్పు ఏమీ లేదు.

కరీంనగర్ అమ్మ:

అన్నా, మా బాబుది పుట్టుకతోని లేకపోవుడు కాదు. ఏడాదిన్నర ఉన్నప్పుడు కన్ను తీసేసిర్రు. రెటినోబ్లాస్టోమా అంటరు, కంట్ల క్యాన్సర్ గడ్డ. ఫోన్ల ఫ్లాష్ ఏసి ఫోటో దిగితే ఒక కన్ను మంచిగనే ఉండేది, ఒకటి తెల్లగ పిల్లి కన్ను లెక్క మెరిసేది, మేము ఫోన్ ఖరాబైంది అనుకున్నం, మూడు నెలలు అట్లనే పోయినయ్. ఇది చదివేటోళ్ళు ఎవరైనా సరే పిల్లల కన్ను ఫోటోల తెల్లగ కనవడితే తెల్లారి కాదు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోండ్రి. మాకు పానం దక్కింది, కన్ను దక్కలే.

కన్ను తీసినప్పుడే లోపల ఒక బాల్ పెట్టి కంటి కండలు దానికి కుట్టిర్రు, మీద కన్ఫార్మర్ పెట్టిర్రు, ఆరు వారాలైనంక రంగు కన్ను చేసిచ్చిర్రు. లోపలి బాల్ కదులుతది కాబట్టి మీది కన్ను కూడ కొంచెం కదులుతది, పూర్తిగ కాదు. అచ్చు తీసేటప్పుడు దుప్పట్ల గట్టిగ చుట్టి నేనే ఒళ్ళె పట్టుకున్న, మస్తు ఏడ్చిండు, అయిదు నిమిషాలల్ల అయిపోయింది. కొంతమంది పిల్లలకు కొంచెం మత్తు ఇచ్చి తీస్తరట.

నేను చేసిన తప్పు మీరు చేయొద్దని చెప్తున్న. కన్ను శుభ్రం చేయాలె అన్నరు కదా అని నేను శానిటైజర్ ఏసి తుడిచిన, ఒకసారి స్పిరిట్‌తోని కూడ తుడిచిన, మంచిగ క్రిములు చస్తయి అనుకున్న. నెలకు దాని మెరుపు పోయింది, సన్నటి గీతలు పడ్డయి, బాబు కన్ను ఎర్రగైంది, ఊకె నలుపుకునుడు. చేసినాయిన చూసి గీతలు లోపలిదాక పోయినయమ్మా పాలిష్‌కి కూడ పోవు అని మళ్ళ కొత్తది చేసిండు. స్పిరిట్, డెట్టాల్, మరిగిన నీళ్ళు ఏదీ వద్దు. చేతులు కడుక్కొని, పిల్లల సబ్బు నురుగుతోని ఏళ్ళతోనే రుద్ది, మంచినీళ్ళతోని సబ్బు మొత్తం పోయేదాక కడగాలె, అంతే. రోజూ తీయొద్దు కూడ, తీస్తుంటే లోపల పుండైతది. మాకు ఎప్పుడు తీయాలెనో వాళ్ళే చెప్పిర్రు.

కడిగేటప్పుడు సింకుల కింద బట్ట పరుచుకోండ్రి, జారి జాలీల పడితె మళ్ళ దొరకదు. ముక్కు దిక్కు ఏది, చెవి దిక్కు ఏది, మీది అంచు ఏది అని ఇచ్చిన రోజే అడిగి ఫోన్ల ఫోటో తీసి పెట్టుకోండ్రి, రాత్రి పూట జారి పడితే ఏది ఎటు అని మాకు తెల్వక మేము ఇద్దరం ఏడ్చుకుంట కూసున్నం.

ఇగో ఇది మన ఇండ్లల్ల అయ్యేది. మా అత్తమ్మ బాబును కాళ్ళ మీద పండవెట్టుకొని స్నానం పోసుడు, మొఖం మీది చెయ్యి ముక్కు నుంచి చెవి దిక్కు గుంజి రుద్దుతది కదా, రెండుసార్లు కన్ను ఊడి నీళ్ళల్ల పడ్డది. అప్పటి నుంచి నేర్చుకున్నం, రెప్ప మూసి ఉన్నప్పుడు చెవి దిక్కు నుంచి ముక్కు దిక్కు తుడవాలె. నలుగుపిండి ఆ దిక్కు రానియ్యద్దు. కాటుక అసలే వద్దు, దిష్టి సుక్క కావాలంటే అరికాలికి పెట్టుకోండ్రి. సాంబ్రాణి పొగకు మా బాబుకు పుసి ఎక్కువైతది, బంద్ చేసినం.

పాత కన్ను పారేయద్దు. కొత్తది చేసినా పాతది డబ్బల దాచిపెట్టుకోండ్రి, కొత్తది ఎప్పుడన్న పోతె డాక్టర్ దగ్గరికి పోయేదాక ఉంటది. గుంట ఖాళీగ రోజులకు రోజులు ఉంచద్దు, ముడుసుకుంటది.

పుష్ప వనం:

అక్కా ఒక డౌట్, పెద్దయ్యాక ఆ కన్నుతో కొంచెమైనా కనిపిస్తుందా? ఇప్పుడు టెక్నాలజీ చాలా వచ్చింది అంటున్నారు కదా.

కళ్ళు చేసే మనిషి:

కనిపించదండి. ఇది చూపు కోసం కాదు, మొహం పెరగటం కోసం, రెప్పలు నిలబడటం కోసం. యూట్యూబ్‌లో చూపు తెప్పిస్తాం అని చెప్పేవాళ్ళని నమ్మి డబ్బు పోగొట్టుకున్న తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చారు. పిల్లలకి చూపు ఉన్న రెండో కన్ను ఒక్కటే ఆధారం, ఖర్చు పెట్టేది ఏదన్నా ఉంటే దాన్ని కాపాడటానికి పెట్టండి.

గోదారి గట్టు:

నరసరావుపేట తమ్ముడూ, పెద్దయ్యాక పెట్టిద్దాం అన్న మాటకి నేనే సాక్ష్యం అండి. నాకిప్పుడు 44 ఏళ్ళు. కోనసీమలో మా పెరట్లో అన్నయ్యా నేనూ కొబ్బరి ఈనెలతో బాణాలాట ఆడుకుంటుంటే ఒక ఈనె నా ఎడమ కంట్లో దిగింది, అప్పుడు నాకు మూడేళ్ళు. చీము పట్టి కన్ను తీసేయాల్సి వచ్చింది. తీసినాయన మా నాన్నతో పిల్లాడు ఎదిగాక కన్ను పెట్టించుకోవచ్చులే అన్నారంట, మా నాన్న ఆ మాట పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆయన్ని ఏమనగలం, డాక్టరు చెప్పిందే వేదం ఆ రోజుల్లో.

పదిహేడేళ్ళకి ఇంటర్ అయ్యాక వెళ్ళామండి. లోపల జాగా లేదు. పద్నాలుగేళ్ళు ఖాళీగా ఉండి గుంట మొత్తం ముడుచుకుపోయింది, చిన్న గుల్ల పెట్టినా నిలబడట్లేదు. అప్పుడు కింది పెదవి లోపలి పొర కోసి తీసి రెప్పల వెనక అతికించి జాగా చేశారు, నెల రోజులు ఉప్పూ కారం నోట్లో పెట్టుకోలేకపోయాను. అది మళ్ళీ ముడుచుకుంటే రెండేళ్ళకి ఇంకోసారి. ఇప్పుడు కన్ను నిలబడింది, కానీ నా మొహంలో ఎడమ వైపు గుంట కుడి వైపు కంటే చిన్నదే, అద్దం ముందు నిలబడితే నాకు తెలుస్తుంది, ఫోటో దిగితే అందరికీ తెలుస్తుంది. ఆ ఎముక మళ్ళీ పెరగదు కదండీ. మూడేళ్ళప్పుడే ఎవరన్నా ఒక చిన్న గుల్ల పెట్టి ఉంటే ఇదంతా ఉండేది కాదు. స్కూల్లో నన్ను పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. ఆ పిలుపులు ఇక్కడ రాయను, మీకు తెలుసు.

ఇక ఒంటి కన్నుతో బతకటం గురించి, మీరు దానికి మాత్రం బెంగ పెట్టుకోవద్దు. పుట్టుకతోనే ఒక కన్నయితే ఆ బిడ్డకి లోకం అదే, అడుగులు వేయటం, బంతి పట్టుకోవటం అన్నీ ఆ కన్నుతోనే నేర్చుకుంటుంది. నేను ఇప్పటికీ గ్లాసులో నీళ్ళు పోసేటప్పుడు చెంబు అంచు గ్లాసు అంచుకి ఆనించి పోస్తాను, లేకపోతే పక్కన పోతాయి, అలాంటివి వాటంతట అవే అలవాటవుతాయి. మీ పాపకి కుడి కన్ను లేదు కాబట్టి కుడి పక్క నుంచి వచ్చేది కనపడదు, రోడ్డు దాటేటప్పుడు మెడ పూర్తిగా తిప్పి చూడటం చిన్నప్పుడే నేర్పండి. స్కూల్లో క్లాసులో కుడి గోడ వైపు కూర్చోబెట్టమని టీచర్‌కి చెప్పండి, అప్పుడు బోర్డూ పిల్లలూ అంతా ఎడమ కంటి వైపు ఉంటారు. ఈ చిన్న సంగతి నాకు తొమ్మిదో తరగతిలో ఒక మాస్టారు కనిపెట్టి చెప్పారు.

ఉన్న కన్నుకి కళ్ళజోడు పెట్టించండి, పవర్ లేకపోయినా సరే, పాలీకార్బనేట్ అద్దాలు, అవి పగిలి గుచ్చుకోవు. నడక రాగానే మొదలుపెట్టాలి. బాణాలు, గిల్లీ దండా, దీపావళి చిచ్చుబుడ్లు దగ్గర మాత్రం రాజీపడొద్దు. రెండో కన్ను ఏడాదికోసారైనా చూపించండి.

వికలాంగులకి ఇచ్చే సదరం సర్టిఫికెట్ గురించి ఎవరన్నా చెప్తారు మీకు. రెండో కన్ను బాగుంటే ఒక కన్ను లేనందుకు 30 శాతమే ఇస్తారు, పింఛనుకీ రిజర్వేషన్‌కీ 40 కావాలి. తిరిగి తిరిగి అలసిపోతారని ముందే చెప్తున్నాను.

డల్లాస్ అమ్మ:

నరసరావుపేట నాన్నగారూ, మా బాబుది కూడా మీ పాపలాగే, పుట్టుకతో ఎడమ కన్ను చాలా చిన్నది. ఇక్కడ పుట్టాడు కాబట్టి రెండో వారంలోనే గుల్ల పెట్టారు, ఇప్పుడు ఆరేళ్ళు. కళ్ళు చేసే ఆయన ఆల్రెడీ అన్నీ చెప్పారు, నేను రెండు విషయాలు యాడ్ చేస్తాను.

కన్ను ఒక్కటే చూసి వదిలేయొద్దు. కన్ను ఇలా పుట్టిన పిల్లల్లో కొందరికి మెదడులో పిట్యూటరీ గ్రంథి, కిడ్నీలు, చెవి ఇలాంటి వాటిలో కూడా తేడా ఉండొచ్చు, అందుకే ఎమ్మారై, కిడ్నీ స్కాన్, వినికిడి టెస్ట్ చేయించమంటారు. జీన్ టెస్ట్ కూడా, ఎస్‌ఓఎక్స్2 అనే జీన్‌లో తేడా వల్ల కొందరికి ఇలా అవుతుంది. మాకు ఆ రిపోర్ట్ వచ్చేదాకా నిద్ర లేదు, వచ్చాక మిగతావన్నీ నార్మల్. మీకూ అలాగే రావాలని కోరుకుంటున్నా, కానీ పిల్లల డాక్టర్ని అడిగి చేయించండి, ఇవి ఊరికే రాసే టెస్టులు కావు.

రెండోది, ఎంత చేసినా రెండు వైపులా అచ్చు గుద్దినట్టు ఉండవు, ముందే తెలిస్తే మంచిది. మా బాబుకి ఆ వైపు రెప్పల మధ్య సందు ఇప్పటికీ కొంచెం పొట్టి. కళ్ళజోడులో ఆ వైపు ప్లస్ పవర్ అద్దం పెట్టారు, దాంతో ఆ కన్ను కొంచెం పెద్దగా కనపడుతుంది, దూరం నుంచి తేడా తెలియదు. ఇంత తేలిక ఉపాయం ఉందని మాకు నాలుగేళ్ళ దాకా ఎవరూ చెప్పలేదు.

మేం వాడి దగ్గర ఏమీ దాచలేదు. వాడి గుల్లలన్నీ, రెండో వారంలో పెట్టిన చిన్నది దగ్గర నుంచి, ఒక చిన్న డబ్బాలో వరసగా ఉంటాయి, అప్పుడప్పుడు తీసి ఇది నేను బేబీ అప్పుడుది అని చూపిస్తాడు. స్కూల్లో అడిగితే వాడే చెప్తాడు. అన్నప్రాసనకి పాపని దాచకండి ప్లీజ్, మా అత్తగారు మా బాబుని అందరి ముందూ ఎత్తుకుని వీడికి కన్ను చిన్నది, వైద్యం జరుగుతుంది అని ఒకే ఒక్కసారి చెప్పారు, తర్వాత ఎవరూ అడగలేదు.

నరసరావుపేట నాన్న:

అందరికీ పేరుపేరునా దండాలండి. మూడు వారాల తర్వాత రాస్తున్నా, లేటయింది క్షమించండి. మీ మెసేజీలు చదివిన మూడో రోజే హైదరాబాద్ బస్సెక్కాం. ఆక్యులోప్లాస్టీ డాక్టర్ గారు చూసి చూపు టెస్ట్ చేయించారు, ఆ చిన్న గుడ్డుకి వెలుతురు తెలియట్లేదు అన్నారు. తెలుసనే అనుకున్నాం గానీ ఆ మాట విన్నాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. కిడ్నీ స్కాన్ బానే ఉంది, చెవులు బానే వినపడుతున్నాయి, ఎమ్మారై తేదీ ఇచ్చారు, జీన్ టెస్ట్‌కి రక్తం తీసుకున్నారు.

మొదటి గుల్ల పెట్టారండి. నిజంగా చింతగింజంతే ఉంది. నేను పట్టుకోలేకపోయాను, మా ఆవిడే ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంది, రెండో రోజు నేర్పిస్తే తనే తీసి తనే పెట్టింది, ఇప్పుడు ఇంట్లో నాకు చేతకాదు, తనకే వచ్చు. గ్రహణం సంగతి వారాలతో సహా మా అమ్మకి చెప్పా. అమ్మ ఏమీ అనలేదు, కానీ మొన్న పక్కింటావిడ మళ్ళీ ఆ మాట ఎత్తితే అమ్మే ఆపేసింది, కడుపులో రెండో నెలకే అయిపోయే పని అంట, నా కోడలికి ఏం సంబంధం అంది. మా ఆవిడ వంటింట్లో నుంచి వింది.

పోయిన బుధవారం రెండో సైజు వేశారు. ఇప్పటికి రెండుసార్లు ఊడి పడింది, ఒకసారి పాలు తాగుతూ నలుపుకుంటే, ఒకసారి నిద్రలో ఊడి పొద్దున పక్క మీద దొరికింది. కడిగి పెట్టేశాం. పొద్దునపూట తెల్లగా పుసి వస్తుంది, తడి దూదితో చెవి వైపు నుంచి ముక్కు వైపు తుడుస్తున్నాం. ఆ పుసికి భయపడాలా? మళ్ళీ వచ్చే బుధవారం మూడో సైజుకి రమ్మన్నారు, పోయినసారి ఏడ్చి ఏడ్చి తాగిన పాలన్నీ కక్కేసింది, దానికేమన్నా చేయొచ్చా?

కళ్ళు చేసే మనిషి:

చాలా సంతోషం అండి, మూడు వారాల్లో రెండో సైజు అంటే కండ బాగా సాగుతున్నట్టే. పొద్దునపూట కొంచెం తెల్ల పుసి మామూలే. పసుపుపచ్చగా ఆకుపచ్చగా మారినా, వాసన వచ్చినా, రక్తం చార కనపడినా, రెప్ప వాచినా బుధవారం దాకా ఆగకుండా ఫోన్ చేసి వెళ్ళండి. ఊడినప్పుడు అదే రోజు పెట్టేస్తున్నారు, అలాగే చేయండి, రాత్రంతా వదిలేస్తే పొద్దున అదే గుల్ల బిగుతైపోతుంది. నిద్రలో ఊడితే పాప నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది, అందుకని రాత్రి ఒక్కసారన్నా లేచి చూసుకోండి. మాటిమాటికీ ఊడుతుంటే సైజు చిన్నదైందనో అంచు సరిగ్గా లేదనో అర్థం, వాళ్ళకి చెప్పండి, అరగదీసి సరిచేస్తారు.

బుధవారం మీ వంతు ఎప్పుడో ముందే అడిగి, దానికి రెండు గంటల ముందు పాలు ఇచ్చి ఆపేయండి. గుల్ల కూర్చున్న మరు నిమిషం అక్కడే తల్లి పాలు పట్టమనండి. కక్కదు, రెండు గుటకలు పడేసరికి ఏడుపు కూడా ఆగుతుంది. మా దగ్గర ఆ గదిలో మూలన ఒక కుర్చీ దాని కోసమే ఉంచుతాం.